గొంతు ఉన్న చోటు

కేక ఆగిపోయింది. ఆగిపోయాక కూడా విమానంలో ఎవరూ కదలలేదు. పై అరలోకి సంచీ తోస్తున్నాయన రెండు చేతులూ ఎత్తి అలాగే నిలబడిపోయాడు, ముందు వరసలోంచి ఒక పసిపిల్ల సీటు మీదుగా తల పెట్టి నోరు తెరుచుకుని చూస్తోంది, పక్క సీటులో కోటు వేసుకున్నాయన చెవి మూసుకున్న చెయ్యి తీయడం మరిచిపోయాడు. ఆమె మాత్రం అరచేతిలో ఫోను వెచ్చగా ఉండగా, కడుపులోంచి లాగిన గాలి ఇంకా సర్దుకోకుండా, ఇప్పుడు సిగ్గుపడాలా అని ఆలోచించింది, ఆలోచిస్తే సిగ్గు రాలేదు, ఎందుకంటే ఫోనులోంచి గంటలు వినిపించాయి, ముందు బొల్లి మెడగంట, దాని వెనక మిగతావి, దూరం నుంచి దగ్గరికి, దగ్గర నుంచి మరీ దగ్గరికి, చివరికి ఫోను నిండా గంటలే, అరుపులే, తోపులాటలే. వచ్చేశాయే పిల్లా వచ్చేశాయి అని భర్త అటునుంచి అరిచాడు. అంతలో విమానంలో పనిచేసే పొడుగమ్మాయి వచ్చి వంగి, కోపంగా కూడా కాదు, కొంచెం భయంగా, తలుపులు వేసేశామమ్మా ఇక ఫోను కట్టేయాలి అంది. ఆమె తలూపి మీట నొక్కి పట్టుకుంది. తెర నల్లబడింది. గంటలు పోయాయి.

గొర్రెల్ని పిలిచే కేక అది. విమానంలో వెయ్యాలని ఆమె ఏమన్నా కల కన్నదా. చెల్లెలు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంటే, మరిది టిక్కెట్టు తీసి పంపితే, మందను భర్తకు అప్పజెప్పి బయల్దేరింది, బుద్ధెరిగాక మందను వదిలి ఇంత దూరం వెళ్ళడం ఇదే. భర్త వ్యాను నడుపుతాడు, ఉన్ని మూటలూ దాణా బస్తాలూ తిప్పుతాడు, నోటికి మూత లేదు గనక ఊరంతా రేడియో అంటారు, పొద్దస్తమానం మోగే రేడియోకు ఎవరు చెవి పెడతారు, గొర్రెలూ అంతే, ఆయన మాట వాటికి గాలి చప్పుడుతో సమానం. నేను వచ్చేదాకా కొట్టం వెనకే మేపు మావా అని చెప్పి చెప్పి వచ్చింది. ఆయన ఏటి నడుమ దిబ్బ మీద పచ్చిక చూసి ఆశపడ్డాడు. పొద్దున్నే ఎండిన పాయ మీదుగా కర్ర పట్టుకుని దిబ్బ మీదికి తోలాడు, పొడి నేల మీద వెనక నుంచి తోలితే గొర్రె ఎటైనా పోతుంది. ఆ తర్వాత పైన కొండల్లో ఎక్కడ వాన పడిందో పాయలోకి నీళ్ళు వచ్చాయి, పెరుగుతున్నాయి, నీళ్ళను చూస్తే గొర్రె రాయైపోతుంది, తోలితే పోదు, పిలిస్తేనే వస్తుంది, ముందు మందను నడిపించే బొల్లి రావాలి, బొల్లి ఆమె గొంతుకు తప్ప రాదు. బెల్టు ఎలా పెట్టుకోవాలో కోటాయన చూపిస్తుండగా ఫోను మోగింది. పాయలో నీళ్ళు మోకాటి దాకా వచ్చేశాయి, స్పీకర్లో పెడతాను, ఒక్కసారి పిలువు అన్నాడు ఆయన. అంతే, ఆమె కళ్ళు మూసుకుంది, ఎక్కడున్నదీ మరిచిపోయింది.

విమానం కదిలింది. కదులుతుంటే ఆమెకు లోపల ఒక నవ్వు పుట్టింది, ఎందుకంటే అంతకుముందు తను ఎక్కి కూర్చున్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది, ఎక్కిన ప్రతివాళ్ళూ సీటు దొరగ్గానే ఫోను చెవికి ఆనించి ఒకే మాట అంటున్నారు, ఎక్కాను, ఆఁ ఎక్కాను, దిగి చేస్తాను. కోటు వేసినవాళ్ళూ అదే మాట, చెప్పులు విడిచి కాళ్ళు పైకి పెట్టుకున్న ముసలాయనా అదే మాట, ఎవరికీ అందులో చెప్పడానికి ఏమీ లేదు, ఎక్కారని వాళ్ళవాళ్ళకు ముందే తెలుసు. సాయంత్రం కొట్టంలోకి తోలాక గొర్రె పిల్లలు ఇలాగే చేస్తాయి, తల్లి పక్కనే ఉంటుంది, అయినా ఒక్కసారి మే అంటాయి, తల్లి మే అంటుంది, అప్పుడు గాని కాళ్ళు మడిచి పడుకోవు. కోటాయన మాత్రం పడుకునే రకం కాదు, ఇందాక సరుకు ఎందుకు దిగలేదని ఫోనులో ఎవరినో ఉతికి ఆరేశాడు, అతని సరుకేమిటో, అతని గుమాస్తా ఎంత సోమరో, ఆ వరసలో అందరికీ కంఠస్థమైపోయింది, పొడుగమ్మాయి వచ్చి మెల్లగా మాట్లాడండి సార్ అంటే, ఇది నా పని తల్లీ, మెల్లగా అయ్యే పని కాదు అన్నాడు. అలాంటి మనిషిని తన కేక నోరు మూయించింది. ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని బడి పిల్లాడిలా కూర్చున్నాడు.

నేల జారిపోయింది. ఎవరో అరికాళ్ళ కింద చెయ్యి పెట్టి లేపినట్టయింది, కడుపు కింద ఉండిపోయి ఒళ్ళు పైకి వచ్చింది, కిటికీలో ఇళ్ళు ఒరిగాయి, రోడ్డు ఒరిగింది, రోడ్డు మీద లారీ పెసరగింజంత అయింది, దాన్ని నడిపేవాడు ఏ పాట పాడుకుంటున్నాడో, ఎవరితో ఫోనులో మాట్లాడుతున్నాడో, ఆ మాట ఇప్పుడు ఈ కిటికీ పక్కనుంచే పోతోందేమో అనుకుంది ఆమె, అనుకోగానే ఒళ్ళు జలదరించింది. ఆ ఫోను మాటలన్నీ ఎటు పోతాయి, ఇటే గదా పోతాయి, ఈ ఖాళీలోనే, ఖాళీ అని మనం అనుకుంటున్న దీనిలోనే, కింద ఊళ్ళ నిండా మనుషులు ఎక్కాను దిగాను తిన్నావా పడుకున్నావా అంటూ ఉంటే ఆ మాటలన్నీ రెక్కకు తగలకుండా, అద్దానికి అంటకుండా, చప్పుడు లేకుండా సాగిపోతున్నాయి, వాటిలో తన కేక ఒకటి ఇంతకుముందే పోయింది, ఇనప గోడ దాటి, కొండలు దాటి, ఏరు దొరకబుచ్చుకుని, ఇంత పెద్ద లోకంలో తిన్నగా బొల్లి చెవిలోకే పోయింది. దాని చెవి ఎంత, మడిచిన తమలపాకంత. అంత చిన్న చెవిని అంత దూరం నుంచి ఎలా వెతుక్కుంది. మబ్బులు వచ్చాయి, మబ్బులు కిందికి పోయాయి. మబ్బుల్ని గొర్రెల మంద అంటారు, గొర్రె మొహం చూడనివాళ్ళు అనే మాట అది, గొర్రె ఒక్క క్షణం ఇంత నిశ్చలంగా ఉంటుందా, ఉంటే దానికి జబ్బన్నా చేసుండాలి. ఇవి వేరే ఏవో. వీటికి పేరు పెట్టగలిగినవాడు ఇంకా పుట్టలేదు అనుకుంది, చేతులు జోడించాలనిపించింది, ఎవరికో తెలియక ఊరుకుంది.

ఆ కేక ఆమెది కూడా కాదు. అమ్మది. అమ్మకు వాళ్ళమ్మది. అమ్మ ఎన్నడూ కూర్చోబెట్టి నేర్పలేదు, గొర్రె ఈనినప్పుడు పక్కన కూర్చునేది, పిల్ల ఇంకా తడిగా, కాళ్ళు ఎటు మడవాలో తెలియక వణుకుతుంటే దాని చెవి దగ్గర నోరు పెట్టి చిన్నగా, ఊపిరంత సన్నగా ఆ కేకే అనేది, తల్లి అరుపు వినకముందే అది వినేది, ఇప్పుడు తనూ అలాగే చేస్తుంది. మంద మొత్తానికీ లోపల అట్టడుగున ఉన్న మొదటి చప్పుడు అదే. ఒక చలికాలం తనకు గొంతు పూర్తిగా పోయింది, మాట కాదు గదా దగ్గు కూడా రాలేదు, పొద్దున కొట్టం తలుపు తీస్తే గొర్రెలన్నీ తలెత్తి చూశాయి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాయి, బొల్లి అడుగు వెనక్కి వేసింది, తన చేతి మీద పెరిగిన బొల్లి. ఆ చూపు ఆమె ఇంకా మరువలేదు. ముఖం వాటికి లెక్కలేదు, ఒంటి వాసన కూడా లెక్కలేదు, గొంతే మనిషి, గొంతు ఎక్కడుంటే ఆమె అక్కడున్నట్టు, గొంతు లేకపోతే ఆమె లేనట్టు. మళ్ళీ గొంతు వచ్చిన రోజు మొదటి కేక సగంలో పగిలినా సరే పరుగెత్తుకొచ్చి ఆమెను గోడకు నొక్కేశాయి, పక్కటెముకలు వారం నొప్పెట్టాయి, గొంతు ఎక్కడుంటే అక్కడికే, మధ్యలో గోడ ఉందా మనిషి ఉందా చూడవు, గొంతు ఎక్కడుంటే...

కిటికీలోంచి అప్పుడే ఒక ఏరు కనిపించింది, వాళ్ళది కాదు, ఎవరిదో, ఎండలో తళతళమంటూ రెండు పాయలుగా చీలి నడుమ ఒక దిబ్బను కౌగిలించుకుని మళ్ళీ కలుస్తోంది, ఇంత ఎత్తు నుంచి ఆ దిబ్బ గోటితో గీసినట్టు ఉంది. గంటలు దగ్గరికి వచ్చాయి. ఎవరి దగ్గరికి. ఫోను దగ్గరికి. ఫోను ఎక్కడుంది. ఆయన చేతిలో. ఆయన ఎక్కడున్నాడు. ఆమె చెవుల్ని వెనక్కి పంపింది, ఆ కేక చివర విన్నదంతా మళ్ళీ విన్నది, గంటలు, అరుపులు, గడ్డి మీద గిట్టలు, నీళ్ళ చప్పుడేదీ, నీళ్ళలో పడి వస్తే చిందిన చప్పుడు ఉండాలిగా, ఒగర్పు ఉండాలిగా, ఒళ్ళు విదిలించుకునే చప్పుడు ఉండాలిగా, ఏదీ లేదు. ఆయన దిబ్బ మీదే ఉన్నాడు. మంద మధ్యలో నిలబడి స్పీకరు పెట్టాడు. ఒడ్డుకు వెళ్ళి అక్కడి నుంచి వినిపించాలని ఆయనకు తట్టలేదు, ఎక్కడున్నావని తను అడగలేదు. ఇటు రమ్మని పిలవాల్సిన గొంతు దిబ్బ మీదికే రమ్మంది. చెదురుగా ఉన్నవాటిని కూడా పోగుచేసి మునిగిపోయే నేలకు మేకు కొట్టినట్టు కొట్టింది. వచ్చేశాయే పిల్లా అన్నాడు, నిజమే, వచ్చాయి.

ఆమె పైన ఉన్న మీట నొక్కింది, ఏ మీటో తెలియక దీపం వెలిగించింది, ఆర్పింది, కోటాయన చెయ్యి చాపి సరైన మీట నొక్కాడు. పొడుగమ్మాయి వచ్చింది. ఒక్క మాట చెప్పాలి మా ఆయనకు, ఒక్క మాటే, ఫోను చేసుకోనివ్వమ్మా అంది ఆమె. ఆ అమ్మాయి కాదని తలూపి ఊరుకోవచ్చు, ఊరుకోలేదు, మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా చెప్పింది, ఇంత ఎత్తులో ఫోను వెలిగించినా దానికి దిక్కు తెలియదట, కింది స్తంభాల కోసం వెతుక్కుంటూ ఉండిపోతుందట, పైగా ముందు కూర్చుని నడిపేవాళ్ళ చెవుల్లో నేల మీది నుంచి ఒక గొంతు దారి చెబుతూ ఉంటుంది, అందులో గరగర కలవకూడదు. కొన్ని విమానాల్లో ఇప్పుడు ఏర్పాటు ఉంది, దీనిలో లేదు అని తప్పు తనదే అయినట్టు అంది. ఆమెకు కోపం రావలసింది, రాలేదు, వీళ్ళనీ ఒక గొంతే దించుతుందా అని నోరు తెరుచుకుంది. అంత పెద్ద రెక్కలు, ఇంతమంది జనం, ఎవరో ఎక్కడో కింద గదిలో కూర్చుని రా, ఇటు రా, ఇంకొంచెం ఇటు అంటే దాని వెంట దిగుతారన్నమాట.

"ఏమైంది, దాటలేదా?" అన్నాడు కోటాయన.

ఆమె చెప్పింది. ఎందుకు చెప్పిందో తెలియదు, చెప్పేసింది, కేక తప్పు ఒడ్డున పడిందని, నీళ్ళు పెరుగుతున్నాయని. ఆయన కాసేపు తన బూట్లు చూసుకున్నాడు.

"మీ ఆయనకు తట్టదా? అటు వెళ్ళి నిలబడాలని?"

"ఆయనకు మాట తట్టినంత తొందరగా ఇంకేదీ తట్టదు బాబూ."

కోటాయన నవ్వబోయి మానేశాడు. వెనక సీటులో ఎవరో మెల్లగా ఆ సంగతే పక్కవాళ్ళకు చెబుతున్నారు, ఆ పక్కవాళ్ళు అటువైపు వాళ్ళకు, కాసేపటికి చెప్పులు విడిచిన ముసలాయన సందులోంచి వంగి, గట్టి దిబ్బేనా అమ్మా, ఇసుకా అని అడిగాడు. ఇసుక అంది ఆమె. ఆయన తల వెనక్కి తీసుకున్నాడు.

భర్తకు ఈత రాదు. ఆ మాట ఇంతసేపూ లోపల ఎక్కడో కూర్చుని ఉంది, ఇప్పుడు లేచి ఎదురుగా వచ్చింది. ఈత రాదు, మందను వదిలి రాడు. గొర్రెలంటే ప్రేమ అని కాదు, గొర్రెలంటే ఆయనకు చిరాకు, వాటి కంపు వ్యానులోంచి పోదని రోజూ గోల, కానీ ఆమె అప్పజెప్పి వచ్చింది, అప్పజెప్పినదాన్ని వదిలి ఒడ్డున నిలబడి చూసే మనిషి కాదు, అదొక్కటే ఆయనతో వచ్చిన చిక్కు. పెళ్ళయిన కొత్తలో చేతిలో పెట్టి పట్టుకో అన్న లాంతరును ఆమె మరిచిపోయి లోపలికి పోతే గాలివానలో గుమ్మం ముందు పట్టుకునే నిలబడ్డాడు, తడిసి ముద్దయి, లోపలికి వచ్చి పెట్టొచ్చుగా అంటే పట్టుకోమన్నావుగా అన్నాడు. ఇప్పుడు కూడా నిలబడే ఉంటాడు. నీళ్ళు మోకాలు దాటి తొడల దాకా వచ్చుంటాయి, చుట్టూ తడి ఉన్ని ఒరుసుకుంటూ ఉంటుంది, బొల్లి ఆయన జేబు వైపు ముట్టె చాపి గొంతు కోసం వెతుకుతుంటుంది, ఆయన దానితో మాట్లాడుతుంటాడు, వస్తుందే మీ అమ్మ, విమానంలో ఉంది, గొప్పది అయిపోయింది అని. ఇక్కడ కిటికీ అవతల ఎండ ఎంత శుభ్రంగా ఉందంటే చూసే కళ్ళకు పాపం తగిలేట్టుంది. రెక్క మీద వెలుగు కదలకుండా ఉంది. ఇంత వెడల్పు, ఇంత నీలం, ఒక చివర తను, ఒక చివర ఆయన, నడుమ పట్టుకోవడానికి పోచ కూడా లేదు. ఆమె నోరు తెరవకుండా పిలిచింది. మావా అటు వెళ్ళు అని పిలిచింది, గొర్రె పిల్ల చెవిలో అన్నంత సన్నగా, అద్దం మీద ఊపిరి తగిలి కొంచెం మసక పడింది, మసక కరిగిపోయింది. ఫోను లేకుండా పోయే పిలుపులు కూడా ఈ ఖాళీలో ఉంటాయా, వాటికి స్తంభాలు అక్కర్లేదా, అమ్మ పోయి ఇన్నేళ్ళయినా ఒక్కోసారి కొట్టంలో వంగి ఉన్నప్పుడు వెనక నుంచి పిలిచినట్టయి తిరిగి చూస్తుంది, గొర్రెలు కూడా తలెత్తుతాయి, అది ఎవరితో చెప్పగలదు.

చెవులు దిబ్బడ వేశాయి. విమానం ముక్కు కిందికి వంచింది, ఎవరిదో గొంతు రా రా అంటోంది కాబోలు, మబ్బుల్లోకి దిగి కాసేపు ఏమీ కనబడక, మళ్ళీ ఇళ్ళు, మళ్ళీ లారీలు, నేల ఒక్కసారిగా పెద్దదై వచ్చి చక్రాలకు తగిలింది. అందరూ ముందుకు తూలారు. మామూలుగా అయితే ఈ క్షణంలోనే బెల్టులు టకటక ఊడతాయట, పై అరలు తెరుచుకుంటాయట, కోటాయన తర్వాత చెప్పాడు, చక్రం ఆగకముందే ఫోన్లన్నీ ఒకేసారి కూస్తాయట. ఆ రోజు కూయలేదు. చేతుల్లో ఫోన్లు ఉన్నాయి, తెరలు వెలిగాయి, ఎవరూ దిగాను అనలేదు. పొడుగమ్మాయి వచ్చి ఆమె పక్కన నిలబడి, ఇప్పుడు చెయ్యండి అంది.

మోగింది. చాలాసేపు మోగింది. ఎత్తారు. మాట లేదు. గాలి ఉంది, నీళ్ళు పారే చప్పుడు ఉంది, ఎవరో ముక్కుతో గాలి పీలుస్తున్నారు, మనిషో గొర్రో తెలియలేదు.

"మావా."

"మెల్లగా" అన్నాడు ఆయన. ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడగలడని ఆమెకు తెలియదు. "ఒడ్డున ఉన్నాం."

ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన ఆగి ఆగి చెప్పాడు. నువ్వు ఆపేశాక చూస్తే అన్నీ నా చుట్టూ ఉన్నాయి, ఒడ్డు అటు, మేము ఇటు, అప్పుడు బుర్ర వెలిగింది, నేను నిలబడాల్సింది అటుగదా అని. పాయ దాటి మళ్ళీ పిలిపిద్దామనుకుంటే నీ ఫోను పలకలేదు. నోట్లోంచి మాట వస్తే నువ్వు కాదని వాటికి తెలిసిపోతుందని నోరు మూసుకున్నాను. ఫోను నెత్తి మీద ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగాను. ఛాతీ దాకా వచ్చాయి. వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే పడిపోతానని. చప్పుడు వినిపించింది, బొల్లి దూకింది. ఫోనులోంచి నువ్వు వచ్చావని వాటికి తెలుసు, అందులో నువ్వు లేకపోయినా అది పోతుంటే వెంట వచ్చేశాయి. అన్నీ వచ్చేశాయి పిల్లా.

కోటాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పొడుగమ్మాయి సీటు వీపు గట్టిగా పట్టుకుంది.

"మరి ఎందుకు ఇంత మెల్లగా మాట్లాడుతున్నావు?"

"ఇవి కదలడం లేదు. అప్పటినుంచీ నా చుట్టూ నిలబడి ఫోనునే చూస్తున్నాయి. కాళ్ళ కింద ఇంత పచ్చిక ఉంది, ఒక్కటీ మూతి వంచడం లేదు. నేను కూర్చోలేదు, చెయ్యి దించలేదు. నువ్వు వదల్లేదుగదా."

నిజమే, వదల్లేదు. పిలిచినవాళ్ళే వదలాలి, రమ్మన్న కేక ఒకటైతే ఇక చాలు మెయ్యండి అనే చప్పుడు ఒకటి ఉంది, చాలా చిన్నది, నాలుక అంగిటికి తగిలించి పెదవుల సందులోంచి వదిలే గాలి, అది వినేదాకా మంద తల ఎత్తే ఉంచుతుంది, ఆకలైనా సరే, ఎండైనా సరే. పిలవడం ఒక్కటే తెలిసింది ఆమెకు ఆ గడబిడలో, వదలడం నోట్లోనే ఉండిపోయింది. ఇంత సేపు, ఆకాశమంతా దాటి ఇక్కడికి వచ్చేదాకా, అక్కడ అవి తడిసిన ఒళ్ళతో నిలబడి ఆమె కోసం ఆగాయి, ఆయన చెయ్యి ఎత్తి పట్టుకుని ఆగాడు.

ఆమె ఫోనును నోటి దగ్గరికి తెచ్చుకుంది. సందులో నిలబడ్డవాళ్ళు సంచులు దించకుండా అలాగే ఉండిపోయారు. పసిపిల్ల మళ్ళీ సీటు మీదుగా తల పెట్టింది, వాళ్ళమ్మ దాని నోటి మీద వేలు ఉంచింది. ఆమె నాలుక తగిలించి, పెదవులు కొంచెం విడదీసి, ఆ చిన్న చప్పుడు చేసింది.

ఏమీ లేదు కాసేపు. తర్వాత ఒక పోచ తెగిన చప్పుడు. బొల్లి. మళ్ళీ ఒకటి. ఆ పక్కన ఇంకొకటి. ఆ తర్వాత వాన మొదలైనట్టు మంద మొత్తం గడ్డి తెంపుకునే చప్పుడు, మెడగంటలు అటొకటి ఇటొకటి తేలిగ్గా కదలడం, ఆయన హమ్మయ్య అని నేల మీద కూలబడడం. ఆమె ఫోనును చెవికి కొంచెం ఎడంగా పట్టుకుంది, కోటాయనకు కూడా వినిపించాలని.